త్వరగారి షార్ట్‌కట్లు

ఆయన్ని ఇంట్లో అందరూ త్వరగారనే అంటారు. పక్కవాళ్ళకి వడ్డన పూర్తి కాకముందే తిని, చెయ్యి కడుక్కుని లేచే మనిషికి అంతకన్నా మర్యాదైన పేరు వాళ్ళకి తోచలేదు.

త్వరగారి ఆఫీసు రిపోర్టులు టైపు చేసిపెట్టేది ఆయన భార్య. ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ కంప్యూటరున్న చిన్నగదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే సాయంత్రం టీ వేళకి గాని బయటికి రాదు. "పాపం, ఒక్కత్తే కుస్తీ పడుతోంది" అని అత్తగారు పిల్లల్ని ఆ ఛాయలకి పోనిచ్చేవారు కాదు.

నిజానికి లోపల కుస్తీ ఏమీ లేదు. పెళ్ళికి ముందు ఆవిడ ఒక ప్రెస్సులో పుస్తకాలు కంపోజ్ చేసేది. మౌస్ ముట్టుకోకుండా పేజీలకి పేజీలు దిద్ది పారేసేది. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలోనే భర్తకి చెప్పింది. ఆయన అప్పుడు పేపరు చదువుతున్నారు.

రిపోర్టు కాసేపట్లో అయిపోయేది. మిగతా మధ్యాహ్నమంతా ఆ గదిలోని మడతమంచం మీద నిద్ర. వారం మొత్తంలో "అమ్మా", "అమ్మాయ్", "ఏమోయ్" అనే మూడు కేకలూ వినపడని వేళ అదొక్కటే.

త్వరగారు దానికే ఎసరు పెట్టారు. ఆ ఆదివారం ఆవిడ వెనకే గదిలోకొచ్చి గోడకి ఒక పెద్ద కాగితం అంటించారు.

"ఏమిటండీ ఇది?"

"షార్ట్‌కట్లు. ఆఫీసులో ట్రైనింగిచ్చారు. కంట్రోల్, సి కలిపి నొక్కితే కాపీ. కంట్రోల్, వి అయితే అది ఇంకోచోట అతుక్కుంటుంది. నువ్విలా మౌస్ పట్టుకుని నత్తలా పాకక్కర్లేదు."

"పాకితే ఏం పోయింది? పడిపోను కదా."

"సాయంత్రందాకా పట్టే పని గంటలో తేలిపోతుందోయ్. మిగిలిన టైములో పక్క సెక్షన్ రిపోర్టు కూడా చేసేయొచ్చు. మేనేజరుకి మాటిచ్చేశాను."

ఆవిడకి మడతమంచం కాళ్ళు విరిగిన చప్పుడు వినిపించినట్టయింది. పోట్లాడే ఓపిక లేదు. కుర్చీ వదిలి లేచింది.

"నాకు చూస్తేగాని రాదండీ. ఒకసారి మీరే చేసి చూపించండి."

త్వరగారు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. తెర మీద, తెల్లారితే మేనేజరు బల్ల మీదుండాల్సిన రిపోర్టు ఉంది. టైపంతా నిన్ననే అయిపోయింది, తప్పులు దిద్దడమే మిగిలింది.

"ఇదిగో, చివరి లైను కాపీ చేశాను. చూశావా ఎంత తేలికో? ఇప్పుడు కంట్రోల్, ఏ. రిపోర్టంతా ఒక్కసారే చేతికి చిక్కుతుంది."

రిపోర్టంతా నీలం రంగు పులుముకుంది.

"దీన్నంతా ఇప్పుడు కాపీ..." అంటూ సి నొక్కబోయి, హడావిడిలో పక్కనున్న వి నొక్కారు.

తెర తెల్లబోయింది. పై మూల ఒక్క లైను మిగిలింది: ఇట్లు, తమ విధేయుడు.

కంట్రోల్, జడ్ నొక్కితే అంతా వెనక్కొస్తుందని ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట పైకంటే గుట్టు బయటపడుతుంది. మింగేసింది.

"ఏం జరిగినా ముందు సేవ్ చేసుకోమన్నాడు ట్రైనరు" అని త్వరగారు సేవ్ చేశారు. మూసి తెరిస్తే సర్దుకుంటుందని మూసి మళ్ళీ తెరిచారు. విధేయుడు అంతే విధేయంగా ఉన్నాడు.

"రిపోర్టు బాగా పొట్టిదయిందండీ" అందావిడ.

అంతలో ఫోను మోగింది. మేనేజరు. పక్క సెక్షన్ కాగితాలు ఇప్పుడే పంపించమంటారా అని.

"పంపమనండి. మీరు గంటలో చేసేస్తారుగా. నాకైతేనే సాయంత్రందాకా పడుతుంది" అందావిడ మెల్లగా.

త్వరగారు గోడ మీది కాగితాన్ని చూశారు, తెరని చూశారు, గొంతు సవరించుకున్నారు.

"తొందరపడితే రిపోర్టు దెబ్బతింటుంది సార్. మా ఇంట్లో నిదానంగా చేస్తేనే కుదురుతుంది. పక్క సెక్షన్‌ది మావల్ల కాదు సార్."

ఫోను పెట్టేసి కాగితాన్ని గోడ నుంచి ఊడదీసి మడతపెట్టారు.

"ఏమోయ్, మళ్ళీ టైపు చేయగలవా?"

"తప్పుతుందా? మొదట్నుంచీ చేయాలి. చీకటి పడేదాకా పట్టేట్టుంది. మరి టీ, రాత్రి వంట..."

"అవన్నీ నేను చూసుకుంటాలే. నువ్వు కంగారు పడకు."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళారు. ఎందుకైనా మంచిదని నిన్ననే వేరే పేరుతో దాచిపెట్టిన కాపీని ఆవిడ తెరిచింది. తప్పులు దిద్ది, సేవ్ చేసి, మడతమంచం వాల్చుకుని ఒళ్ళు వాల్చింది.

వంటింట్లో ఏదో గిన్నె దొర్లింది. వెంటనే త్వరగారి గొంతు వినిపించింది.

"ష్... గట్టిగా మాట్లాడకండిరా. లోపల అమ్మ కష్టపడుతోంది."