అత్తగారి పళ్ళెంలో నీలి చేప

భార్య నఫీసా హమ్మామ్‌కు స్నానానికి వెళ్ళగానే, ఆమె వచ్చేలోపు ఒక మంచి పని చేసిపెట్టాలనుకున్నాడు శాద్లీ. ట్యునీషియాలోని బిజెర్త్ రేవులో పడవలకు పేర్లు రాసి రాసి రిటైరైన చెయ్యి, ఇంట్లో ఊరికే ఉండలేకపోతోంది. వంటింట్లో ఏ బొమ్మా లేని పెద్ద తెల్ల పళ్ళెం ఉంది. నఫీసాకు తల్లి పోతూ ఇచ్చింది. శుక్రవారం వండే గోధుమరవ్వ కుస్కుస్ వడ్డించేది దానిలోనే. దాని మీద దిష్టి తగలకుండా నీలి చేప ఒకటి గీయాలని అతని ముచ్చట.

చేప బాగానే వచ్చింది గానీ తోక ఒరిగింది. అది కప్పడానికి ఇంకో చేప, మధ్యన ఖాళీకి అలలు, అలలు అంచు దాకా పాకితే చుట్టూ గొలుసు. రంగు నిలవాలని ఓవెన్‌లో కాల్చి తీసేసరికి తెలుపు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పీచుతో తోమాడు, నిమ్మచెక్కతో రుద్దాడు. చేపలు మరింత తళతళలాడాయి.

ఇంతలో వీధిలో నఫీసా మాట వినపడింది. కంగారుగా పెరటి గోడ మీంచి పళ్ళాన్ని పక్కింటి మొంజియాకు అందించి, "కాస్త ఉంచు. నఫీసాకి చెప్పకు" అన్నాడు.

సముద్రపు గాలిలో మొంజియాకు అది "ఉంచుకో" అని వినపడింది. మొగుడు పోయాక తనకెవరూ ఏమీ ఇచ్చింది లేదు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

మర్నాడే ఆ పళ్ళెం నిండా ఖర్జూరపు మిఠాయి పెట్టి తెచ్చింది. చెప్పొద్దన్నాడు కదా, అందుకని ఆ పళ్ళెం పింగాణీకి పేరుపడ్డ నాబుల్‌లో ఉన్న చెల్లెలు పంపిందని చెప్పింది. నఫీసా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత కళగా ఉందో! మనకీ ఇలాంటిదుంటే బాగుండు" అంది. శాద్లీ నోరు తెరవబోయి మిఠాయి పెట్టుకున్నాడు. నఫీసా పళ్ళాన్ని ఆలివ్ కాయలతో నింపి తిరిగి పంపేసింది.

శుక్రవారం వచ్చింది. అమ్మ పళ్ళెం కనపడక నఫీసా అలమరాలన్నీ తిరగేసి, కిందటి వారం వచ్చివెళ్ళిన వదినగారి మీద అనుమానపడి, ఫోనులో నాలుగు మాటలు అనేసింది. ఆ మాటలకు అన్నగారు ఇక నీ గడప తొక్కనన్నాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే శాద్లీకి గుండె చెరువయ్యింది. జరిగిందంతా చెప్పేశాడు.

నఫీసా కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "మా నాన్న దాని మీద బొమ్మ వేయిస్తా, వేయిస్తా అని అంటూనే పోయాడండీ. ఆయన మాట మీద అమ్మ దాన్ని అలాగే ఖాళీగా ఉంచింది. మొన్న చేత్తో పట్టుకుని మెచ్చుకున్నాను కదా, అప్పుడైనా చెప్పకూడదూ?"

శాద్లీ పక్కింటికి పరుగెత్తాడు. మొంజియా సంతోషంగా ఎదురొచ్చి, అంత మంచి వస్తువు ముసలిదాన్ని నాకెందుకు అన్నయ్యా, సఫాక్స్‌కి కాపురానికెళ్ళే మేనకోడలికి ఇచ్చేశాను, రైల్లో పొద్దున్నే వెళ్ళిపోయింది అంది. పెళ్ళికూతురి కానుకను వెనక్కి అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. నఫీసాకూ లేకపోయింది.

నఫీసా తప్పు ఒప్పుకున్నాక అన్నగారు మాత్రం నెమ్మదిగా చల్లబడి మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. శుక్రవారం కుస్కుస్ ఇప్పుడు అల్యూమినియం పళ్ళెంలో పెడుతున్నారు. అది మరీ బోసిగా ఉందని శాద్లీకి అనిపిస్తూనే ఉంటుంది గానీ, ఎవరితోనూ అనలేదు.