పెట్టెలోకి దిగనన్న గ్రేవీ

ఆ శనివారం ఎల్డన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మెట్లమీది మంచు ఎత్తిపోయాలి, సాయంత్రం నాలుగులోగా పిల్లిచేత పెట్టెలో ఒంటేలు పోయించాలి. మొదటి రెండూ తొమ్మిదికల్లా అయిపోయాయి.

పిల్లి పేరు గ్రేవీ. దాని ముందుకాళ్ళకు గోళ్ళు లేవు. వెనకటి యజమానురాలు సోఫామీది ప్రేమకొద్దీ తీయించేసింది. మూడు వారాలుగా అది ఇల్లంతా తడుపుతోంది గాని, దానికని గులకరవ్వ పోసిపెట్టిన పెట్టెలో మాత్రం కాలు మోపదు. స్నానాలగది పట్టా అయింది, ఉతికిన దుప్పట్లు అయ్యాయి, నిన్న పెళ్ళాం ఆర్డిస్ కొత్త కోటు అయింది. ఆ వాసనకు పోస్టుమాన్ వీధి అవతలనుంచే ఉత్తరాలు విసురుతున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. అందులో సగం అబద్ధమనుకున్నా మిగతా సగం చాలు.

పార్లర్లో జుట్టు దిద్దించుకోవడానికి బయల్దేరుతూ ఆర్డిస్ గుమ్మంలో ఆగింది. "వింటున్నావా మహానుభావా? నాలుగింటికి మా తమ్ముడు డెల్మర్ వస్తాడు. ఆలోపు అది పెట్టెలోకి వెళ్ళిందా, సరే. లేదంటే వాడి పశువుల కొట్టంలోకి వెళ్తుంది."

"గోళ్ళు లేనిది కొట్టంలో ఎలా బతుకుతుందే? చెట్టెక్కలేదు, కుక్కని గీరలేదు."

"నా కోటు బతికిందా?" అని తలుపేసుకుని వెళ్ళిపోయింది.

ఎల్డన్‌కి చెవుడు. లోకానికీ ఉందనుకుంటాడు. గ్యారేజీ తలుపు బార్లా తీసి పశువుల డాక్టరుగారి ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"మూడు పెట్టెలు కొన్నానమ్మా! మూతున్నదీ, మూతలేనిదీ, సువాసనదీ! ఒక్కటీ నచ్చట్లేదు దానికి! ... రోగమేం లేదని పోయినవారం మీరే చెప్పారుగా! ... సోమవారమా? అంతదాకా ఉండదమ్మా! నాలుగింటికి ఆర్డిస్ తమ్ముడొచ్చి పట్టుకుపోతాడు!"

ఇందులో పక్కింటి లవోన్ చెవిన పడ్డవి నాలుగు: పెట్టె, అంతదాకా ఉండదు, ఆర్డిస్, పట్టుకుపోతాడు. లవోన్‌కి నాలుగు మాటలు ఎక్కువ. రెండు మాటలిస్తే చాలు, మనిషిని సమాధి చేసి వచ్చేస్తుంది.

ఉత్తర మిన్నెసోటాలో చావు మాట నోటితో అనరు. వండి తెస్తారు. గంట తిరక్కుండా లవోన్ మాకరోనీ, మాంసం, చీజ్ కలిపి కాల్చిన, పొగలు కక్కే హాట్‌డిష్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పళ్ళెం అడుగున ఆమె పేరు రాసిన టేపు ముక్క అంటించి ఉంది.

"మాటలు రావట్లేదు ఎల్డన్."

"నీకెలా తెలిసింది?"

"విన్నాను. ఎలా ఉన్నావు?"

"ఎలా ఉంటాను? రోజూ నా పొట్టమీదే పడుకునేది. దాని మీసాలు చెంపకి గుచ్చుకుంటేనే నాకు నిద్రపట్టేది."

 ఆర్డిస్ పైపెదవిని లవోన్ ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. "దేవుడు ఒక్కొక్కరిని ఒక్కోలా చేస్తాడు," అని కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నానికి వంటగది బల్ల నిండింది, పొయ్యి నిండింది, ఇస్త్రీ బల్లమీద కూడా పళ్ళేలు చేరాయి. ఒక పిల్లికోసం ఇంత ఊరు కదిలిందా అని ఎల్డన్‌ వచ్చిన ప్రతివాళ్ళ చెయ్యీ రెండేసిసార్లు ఊపాడు. పాస్టర్‌గారు పాటలు రాసుకునే నోటుపుస్తకం తెరిచి, ఎల్డన్ చెయ్యి పట్టుకుని, "తనకి ఏ పాటంటే ఇష్టం?" అని మెల్లగా అడిగారు.

"తిండి డబ్బా మూత చప్పుడు తప్ప ఏ పాటా గిట్టదు పాస్టర్‌గారూ."

పాస్టర్‌గారు నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

లవోన్ మొగుడు డ్వేన్ ఒక ఇసుక తొట్టి మోసుకొచ్చాడు. "పరామర్శకి వచ్చేవాళ్ళు మెట్లమీద మంచుకి జారిపడితే ఒక ఏడుపు రెండవుతుంది," అన్నాడు. మనవలు ఆడుకోగా మిగిలిన ఇసుక అది, పిండిలా మెత్తగా ఉంది. కొంత మెట్లమీద చల్లి, తొట్టిని నడవాలో పెట్టాడు.

మూడున్నరకి తలుపు తెరుచుకుంది. కొత్తగా దిద్దించుకున్న జుట్టుతో ఆర్డిస్.

పాస్టర్‌గారి చేతిలోంచి కప్పు జారింది. లవోన్ పెట్టిన కేకకి కిటికీ అద్దాలు గజగజలాడాయి.

"ఎవరు పోయారు?" అంది ఆర్డిస్.

"నువ్వే," అంది లవోన్.

ఎల్డన్ అదిరిపడ్డాడు. "ఆర్డిస్ పోయిందా? నాకొక్కరూ చెప్పలేదే!"

అంతలో నడవాలోంచి సరసరమని చప్పుడు. అందరూ తిరిగి చూశారు. తొట్టి నడుమ గ్రేవీ, గోళ్ళులేని పాదాలతో ఇసుకని ఆనందంగా తవ్వుకుంటోంది. పాస్టర్‌గారికి వీపు తిప్పి, కళ్ళు సగం మూసి, మూడువారాల బాకీ తీర్చి, పద్ధతిగా కప్పెట్టి దిగింది.

డ్వేన్ వంగి దాని పాదం ఒత్తి చూశాడు. "ఓరి పిచ్చివాడా! గోరొక్కటే తియ్యరు, వేలి చివరి కణుపుతో సహా కోసేస్తారు. నువ్వు పోసిన ఆ గులకలమీద చెప్పుల్లేకుండా నువ్వు నిలబడగలవా? మెత్తటిది కావాలి దానికి, అంతే!"

ఆర్డిస్ అప్పటికే వంటగదిలో పళ్ళేలు ఒక్కొక్కటే ఎత్తి, అడుగున పేర్లు చదువుతోంది. "లవోన్ రెండు రకాల చీజ్ వేసింది, పర్లేదు. ఇదెవరిది... బెర్నీస్? నలభై ఏళ్ళు చర్చిలో దాని పక్కన నిలబడి పాడాను. నా చావుకి ఉత్త మాకరోనీయా?"

"మరి పిల్లి?" అన్నాడు ఎల్డన్ గుమ్మం పట్టుకుని.

"ఉండనీ. నా చావుకి పనికొచ్చిన పని చేసింది అదొక్కతే."

నాలుగింటికి డెల్మర్ వచ్చాడు. పిల్లికి బదులు ఐదు హాట్‌డిష్‌లు పట్టుకుపోయాడు.

బెర్నీస్ ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. ఆమె పోయేనాటికని ఆర్డిస్ అలమరలో ఒక మాకరోనీ పొట్లం విడిగా దాచిపెట్టింది.