వేబ్రిడ్జి నత్త

ఆ రోజు పొద్దున్న కాటా అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం లోపల నత్తను ఇల్లు చేర్చాలి.

లారీలు తూచే వేబ్రిడ్జిలో పన్నెండేళ్లుగా ఆమెదే ఉద్యోగం. కాటా అక్క అన్నది డ్రైవర్లు పెట్టిన పేరు. ఒక ఇనుప పలక, దాని పక్కన ఒక గది, గదిలో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. లారీ పలక ఎక్కుతుంది, తెర మీద అంకె వస్తుంది, ఆమె కిటికీలోంచి చీటీ ఇస్తుంది. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడక్కర్లేదు. మనుషులంటే ఆమెకు కోపమేమీ లేదు. కాకపోతే వాళ్లు అద్దానికి అవతల ఉన్నప్పుడే ఆమెకు వాళ్ల మీద ఆపేక్ష పుట్టేది.

కంప్యూటరు బాగా ముసలిది. పొద్దున్న మీట నొక్కితే మూలిగి, రొప్పి, లేచి కూర్చునేసరికి పావుగంట. ఏడాది కిందట తమ్ముడు అందులో ఒక ఆట ఎక్కించిపెట్టాడు. "ఈ ముసలిదాంట్లో ఇంకేదీ నడవదక్కా. ఇది బొత్తిగా తేలిక. పైగా నత్త కదా, మెల్లిగా నడిచినా ఎవరికీ అనుమానం రాదు" అన్నాడు. గుంటలు, ఉప్పు కుప్పలు, పైనుంచి వాలే కాకి, వీటన్నిటినీ తప్పించుకుని నత్త తోట దాటి ఇల్లు చేరాలి. మొత్తం ఇరవై లెవల్స్. పందొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది నెల రోజులుగా కొరకరాని కొయ్యగా మిగిలింది. లారీ వస్తే ఒక్క మీట నొక్కితే చాలు, నత్త వెనక్కి పోయి అంకె ముందుకొస్తుంది.

అంత తొందరెందుకంటే, మధ్యాహ్నం యజమాని ఆటోమేటిక్ కాటా అమ్మే సేల్స్‌మన్‌ను వెంటబెట్టుకొస్తున్నాడు. అది వస్తే డ్రైవరే మీట నొక్కుకుంటాడు, చీటీ దానంతటదే వస్తుంది. గది అక్కర్లేదు, గదిలో మనిషీ అక్కర్లేదు. తర్వాత ఆమెకు మిగిలేది బావగారి బట్టల కొట్టు. అక్కడ రోజుకు నూరుమందిని చూసి నవ్వాలి. తలుచుకుంటేనే ఆమెకు దవడలు లాగేవి.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. నాలుగు నెలల కిందట, డ్రైవర్లకు తూకం కనబడాలని యజమాని బయట స్తంభానికి ఒక పాత మానిటర్ బిగించాడు. దాని ముఖం వరసలో ఆగే లారీల వైపు, వీపు ఆమె కిటికీ వైపు. ఆమె వచ్చేదీ పోయేదీ వెనక గేటు నుంచి. ఎలక్ట్రీషియను ఒక వైరు కలిపి, "లోపల కనబడేది బయట కనబడుద్ది" అన్నాడు. తూకం సంగతి చెబుతున్నాడనుకుంది. అతను అన్నిటి సంగతీ చెప్పాడు.

పది గంటలకు ఇసుక లారీ వచ్చింది. నెరిసిన మీసాల డ్రైవరు చీటీ తీసుకుని కూడా కదల్లేదు.

"తల్లీ, ఎడమ పక్క గుంటతో జాగ్రత్త. ఆత్రపడ్డామంటే నేరుగా అందులోకే."

"ఏ గుంటండీ?"

"భలేదానివే! నిన్న మూడుసార్లు పడ్డాం కదా!"

లారీలు మూడుసార్లు గుంటలో పడితే తను చూడనే లేదా? నత్త ధ్యాసలో అంత ఒళ్లు మరిచిపోయిందా? తప్పు చేశానన్న భావం ఒకసారి మొదలైతే సాక్ష్యాలు అడగదు. వెంటనే యజమానికి ఫోన్ చేసింది.

"సార్, పలకకి ఎడమ పక్క గుంట పడిందంట."

"ఇవాళే దొరికిందా దానికి పడ్డానికి! మేస్త్రిని పంపిస్తున్నా. నువ్వు మాత్రం కుర్చీలోంచి కదలకు."

ఇంతలో పాత ఇనుము లారీ డ్రైవరు కిటికీలోకి వంగి, రహస్యం చెప్పినట్టు, "అక్కా, ఉప్పు దగ్గర ఆగకు. లాగించెయ్" అనేసి పోయాడు. ఉప్పు ఇనుమును తినేస్తుందని ఆమెకు తెలుసు. గుంట ఎందుకు పడిందో తేలిపోయింది! కిటికీకి వేలాడే నల్లబోర్డు లోపలికి లాక్కుని, "ఉప్పు లారీలు పలక మీద ఆగరాదు" అని రాసి మళ్లీ తగిలించింది. పన్నెండేళ్లలో ఒక్క ఉప్పు లారీ కూడా రాలేదని ఆ తర్వాత గుర్తొచ్చింది. ముందుజాగ్రత్త మంచిదేలే అనుకుంది.

మేస్త్రి సిమెంటు సంచీతో దిగాడు. పలక చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గుంటేదమ్మా?"

"ఎడమ పక్క."

"లేదే!"

"మూడుసార్లు పడ్డారయ్యా!"

మేస్త్రి గొంతుక్కూర్చుని నేల మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, వైద్యుడిలా తల పంకించాడు. "అయితే లోపలుండుంటది. పైకి కనబడేదానికన్నా అదే ప్రమాదం" అని గునపం అందుకున్నాడు. అరగంటలో అక్కడ నడుములోతు గుంట తయారైంది. మేస్త్రి అందులో నిలబడి, "చెప్పానా! ఉంది!" అని కేకేశాడు.

పలక ఎక్కే దారి మూసుకుపోయింది. లారీ వెనక లారీ, రోడ్డు మలుపు దాకా ఆగిపోయాయి. విచిత్రంగా ఒక్కడూ హారన్ కొట్టలేదు. పాపం ఎంత ఓర్పో అనుకుంది. తూకాలెలాగూ లేవు. నత్తను ముందుకు పిలిచింది.

పన్నెండింటికి యజమాని కారు మలుపులోనే ఇరుక్కుంది. ఆయన సేల్స్‌మన్‌తో సహా దిగి, ముఖం కందగడ్డ చేసుకుని పరుగున వచ్చాడు.

"ఏంటయ్యా ఇదంతా!"

"ష్! ఒక్క ప్రాణమే మిగిలుంది సార్" అన్నాడు ఖాళీ లారీ తూయించడానికి తిరిగొచ్చిన మీసాల డ్రైవరు.

"ఎవరికి?" యజమాని హడలిపోయాడు.

డ్రైవరు స్తంభం పైకి చూపించాడు. నలభై మంది మెడలెత్తి అటే చూస్తున్నారు. తెర మీద నత్త గుంట అంచున ఆగింది. కాకి దాటిపోయేదాకా ఆగి, అప్పుడు కదిలింది. యజమాని తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. సేల్స్‌మన్ సంచీ కింద పెట్టేసి, "ఇప్పుడు పాకు, పాకమ్మా!" అన్నాడు. నత్త ఉప్పు కుప్ప కూడా దాటింది. ఇంటి గడపకు ఇంకో రెండంగుళాలుంది. సరిగ్గా అప్పుడు ముసలి కంప్యూటరు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. కాకి ఆగలేదు.

"అయ్యో!" అన్నాయి నలభై గొంతులు.

లారీ గుంటలో పడిందనుకుని ఆమె ముందు వైపుకు పరుగెత్తింది. గుంటలో మేస్త్రి తప్ప ఎవరూ లేరు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె తలెత్తి మానిటర్ చూసింది. నత్త వెల్లకిలా పడి ఉంది. దాని కింద "మళ్లీ ఆడతావా?" అన్న ప్రశ్న.

ఎవరూ చూడరనుకుని తలుపేసుకుని చేసినవన్నీ, గుంటలో పడడం, లేచి మళ్లీ అదే గుంటలో పడడం, నాలుగు నెలలుగా రోడ్డు రోడ్డంతా చూసిందన్నమాట. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. మేస్త్రి పక్కనే ఆ ఏర్పాటు చేసి ఉంచాడు.

"ఎన్నాళ్లనుంచి సాగుతోంది ఈ భాగోతం?" అన్నాడు యజమాని.

"నాలుగు నెలలు సార్" అన్నాడు మీసాల డ్రైవరు. "అక్క మాకోసమే ఆడుతోందనుకున్నాం. ఆ మలుపు అవతల ఆటోమేటిక్ కాటా ఉందిగా? నిమిషంలో పంపించేస్తారు. అయినా ఇక్కడికే ఎందుకొస్తున్నాం? అక్కడ చూడ్డానికేముంది చెప్పండి!"

యజమాని గేటు వైపు చూశాడు. నాలుగు నెలలుగా లారీలు రెట్టింపయ్యాయి. అదంతా తను గేటుకు వేయించిన రంగు చలవేనని ఆయన కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

సేల్స్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "మా యంత్రానికి ఇంతకు రెండింతల తెర ఉంటుందండీ."

"అందులో ఈ నత్త నడుస్తుందా?"

సేల్స్‌మన్ నిజాయితీపరుడు. తల గోక్కున్నాడు. "ఇంత పాత ఆట నడవదండీ. మాది మరీ కొత్త యంత్రం."

"అయితే వద్దు" అని యజమాని ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, పోయి కూర్చో."

"అందరూ చూస్తుంటే నా చేతులు ఆడవు సార్."

"మేం చూడ్డం లేదనుకో తల్లీ" అన్నాడు మీసాల డ్రైవరు. "ఇన్నాళ్లూ అనుకున్నావుగా."

ఆమె గదిలోకి పోయి తలుపేసుకుంది. కిటికీలోంచి ఎప్పటిలాగే మానిటర్ వీపు కనబడింది. నలభై మంది అటు, తను ఇటు. ఒక్కరూ పలకరించరు, ఒక్కరూ వదిలిపోరు. మనుషులు ఉండాల్సిన దూరం సరిగ్గా ఇంతే అనిపించింది. ఒంటరితనం చెడిపోలేదు. కాస్త వెచ్చబడిందంతే.

యజమాని కిటికీలోకి వంగాడు. "ఇదేనా ఆఖరి లెవల్?"

"అవును సార్. దాటితే ఆట అయిపోయినట్టే."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయితే దాటకు."

ఉద్యోగం నిలబడాలంటే ఇక ఆమె రోజూ ఓడిపోవాలి. ఆ పనిలో ఆమెకు తగినంత అనుభవం ఉంది.