ఉప్మాను వాపసు చేసిన పుణ్యాత్ములు

పెంచుకుంటామని తీసుకెళ్ళిన కుక్కపిల్లను తిరిగి తెచ్చి ఇచ్చేయడం లాంటి మంచి పని లోకంలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఎవరేమనుకున్నా సరే, ఈ వారం ఆ మాటే రాస్తాను.

నేనుండేది సూరత్‌లో. చీరల ఊరు. ఇక్కడ సరుకు వెనక్కి రావడం ఎవరికీ నామోషీ కాదు. దేశమంతా తిరిగి, అమ్ముడుపోక పార్సిల్లో తిరిగొచ్చిన చీరను 'మాల్ వాపస్' అంటారు. మడత మార్చి, కొత్త కవరు తొడిగి, అదే చీరను మరో ఊరికి పంపుతారు. చీరకు లేని బాధ కుక్కకెందుకు?

మా ఆవిడ పద్మారాణికి ఈ వ్యాపార సూక్ష్మం బొత్తిగా తెలియదు. మొదటి లాక్‌డౌన్‌లో, అడాజన్‌లోని మా టిఫిన్ సెంటర్ షట్టర్ దించేసి మేం గోళ్ళు గిల్లుకుంటున్నప్పుడు, వెనకవైపు ఖాళీ నూనె డబ్బాల మధ్య నాలుగు కుక్కపిల్లలు కనిపించాయి. తల్లి జాడ లేదు. పద్మారాణి వాటికి పాలు పట్టింది, ఫోటోలు తీసింది, తానున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది.

ఆ స్పందన చూడాలి! 'సో క్యూట్' అనని వాళ్ళు పాపాత్ములు. హార్టులతో ఫోను ఎర్రబడిపోయింది. అప్పట్లో జనానికి ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచేది కాదు. కాఫీ నురగ గిలక్కొట్టడం అయిపోయింది, మేడ మీద గాలిపటాలు అయిపోయాయి, ఇక మిగిలింది కుక్కపిల్లే. మూడు పిల్లలు వెళ్ళినచోటే హాయిగా ఉండిపోయాయి. వాటి గురించి రాయడానికేమీ లేదు, పాపం.

నాలుగోదాని అదృష్టం వేరు. లేత గోధుమరంగు ఒంటి మీద ఆవగింజల్లా నల్లని చుక్కలుండేసరికి పద్మారాణి దానికి ఉప్మా అని పేరు పెట్టింది.

దాన్ని మొదట తీసుకెళ్ళింది అనీష్ దంపతులు. ఇద్దరూ ఐటీ, ఇద్దరిదీ ఇంటినుంచే పని. ఆడపిల్ల అని చెప్పినా వినకుండా బ్రూనో అని పేరు మార్చారు. "బ్రూనో లేకపోతే మాకు పిచ్చెక్కేది ఆంటీ" అని ఫోన్లో అనేవాళ్ళు. ఆఫీసు తెరిచారు. పిచ్చి తగ్గింది. బ్రూనోను స్కూటర్ మీద తెచ్చి దించి వెళ్ళారు. ఎంత నిజాయితీ! జబ్బు నయమయ్యాక మిగిలిన మాత్రలు మందుల షాపులో తిరిగిచ్చేయమా? ఇదీ అంతే.

పద్మారాణి స్నానం చేయించి, కొత్త ఫోటో తీసి, మళ్ళీ గ్రూపులో పెట్టింది. మడత మార్చి కొత్త కవరు!

ఈసారి ఒక గుజరాతీ కుటుంబం. అక్కడ దాని పేరు లక్కీ. ఖిచిడీ, కఢీ తిని బాగా ఒళ్ళు చేసింది. వాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళ సొసైటీ కమిటీ ఇంకా మంచిది. లక్కీ మొరుగుళ్ళకి పిల్లల ఆన్‌లైన్ చదువులు పాడవుతున్నాయనీ, లక్కీ ఎక్కితే లిఫ్టు అరిగిపోతోందనీ నోటీసు అంటించింది. చదువులకు అడ్డొచ్చినది కుక్కేనని కనిపెట్టిన ఆ కమిటీకి సన్మానం చేయొద్దూ? లక్కీ తిరిగొచ్చింది.

మూడో ఇల్లు డాక్టర్ మురళీకృష్ణ గారిది. మన తెలుగువారే, చిన్నపిల్లల వైద్యులు. అక్కడ కోకో. పెరుగన్నం, ఏసీ గది. రెండో వేవ్ తగ్గాక ఆయనే స్వయంగా కారులో తీసుకొచ్చారు. "పెరిగిపోయిందండీ. తీసుకున్నప్పుడు ఇందులో సగమే ఉండేది" అని రెండు చేతులతో కొలత చూపించారు. కుక్కపిల్ల పెరిగితే కుక్కవుతుందని మేము ముందే చెప్పి ఉండాల్సింది. చిన్నపిల్లల డాక్టరుగారికి అదెలా తెలుస్తుంది?

ఇప్పుడు చెప్పండి, ఉప్మా పొందిన లాభం తక్కువా? ఇంగ్లీషులో 'సిట్' అన్నా కూర్చుంటుంది, గుజరాతీలో 'బేసీ జా' అన్నా కూర్చుంటుంది, తెలుగులో చెప్పినా కూర్చుంటుంది. ఒకే ఇంట్లో పడి ఉంటే ఇంత విద్య అబ్బేదా? పైగా మూడిళ్ళలోనూ దానికి నోరు మూసుకోవడం నేర్పారు. చివరికి మొరగడమే మానేసింది. పిల్లి ఎదురొస్తే పక్కకి జరిగి దారిచ్చేది. అంత సంస్కారం మా వీధిలో మనుషులకు కూడా లేదు.

ఒక్క విద్య మాత్రం తనంతట తనే నేర్చుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా దానితోపాటు ఒక స్టీలు గిన్నె పంపేవాళ్ళం. ఇంటి ముందు బండి ఆగినా, బెల్లు మోగినా, ఉప్మా ఆ గిన్నె నోట కరుచుకొచ్చి తలుపు దగ్గర కూర్చునేది. పాలవాడొచ్చినా అంతే, కొరియర్ వచ్చినా అంతే. ఎవరో తీసుకెళ్తారు, ఎలాగూ వెళ్ళాల్సిందేగా అన్నట్టు. వచ్చినవాళ్ళు నవ్వి వీడియో తీసుకునేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు. పద్మారాణి గిన్నెను అటక మీద దాచింది. ఉప్మా ఉత్త నోటితోనే వచ్చి కూర్చుంది. ఆవిడ గిన్నెను మళ్ళీ కిందికి దించి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

మీరే ఉంచుకోవచ్చుగా అంటారా? మా ఇంటి ఓనరుగారు దయామయుడు. ఇంట్లో కుక్కయినా ఉండాలి, మేమయినా ఉండాలి అని ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చారు. అదీ ఆ నెలాఖరులోగా.

అప్పుడొచ్చింది సమ్మక్క. ఇక్కడే సూరత్‌లో, వడోద్‌లో ఉంటుంది. భర్త పవర్‌లూమ్ కార్ఖానాలో పని. మా దగ్గర పిండి రుబ్బే మనిషి చెబితే వచ్చింది. బెల్లు మోగగానే ఉప్మా గిన్నెతో సహా హాజరు.

సమ్మక్క 'సో క్యూట్' అనలేదు. "ఇది మొరుగుతదా?" అంది.

అందరూ అడిగే ప్రశ్నే కదా అనుకుంది పద్మారాణి. "అస్సలు మొరగదమ్మా, చాలా నెమ్మది."

"మొరగకుంటే నాకెందుకక్కా? మా ఆయన నైట్ డ్యూటీకి పోతడు. ఇంట్ల నేను, పిల్లలే ఉంటం. కుక్కన్నంక మొరగాలె గదా."

పద్మారాణి ముఖం మాడిపోయింది. మూడిళ్ళలో కష్టపడి నేర్చుకున్న సంస్కారం ఇక్కడ పనికిరాలేదు. సమ్మక్క కాసేపు ఉప్మాను ఎగాదిగా చూసింది.

"దీని పేరేంది?"

"ఉప్మా."

"తినేటిదాని పేరు పెట్టిండ్రా?" అంటూ వంగి, దాని నోట్లోని గిన్నెను మెల్లగా తీసి పద్మారాణి చేతికిచ్చింది. "ఇది ఈడనే ఉండని. మా ఇంట్ల గిన్నెలు లేవా ఏంది? నడువే పోరి."

ఉప్మా ఒకసారి గిన్నెను, ఒకసారి ఆమెను చూసి, వెంట నడిచింది.

వారం తిరక్కుండానే సమ్మక్క నుంచి ఫోను. ఆ పేరు చూసి పద్మారాణి ఎత్తనంది. చివరికి నేనే ఎత్తాను.

"అన్నా, ఇది ఒక్కతీరుగ మొరుగుతాంది. వాడకట్టు మొత్తం పరేషాన్ అయితుండ్రు."

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తామమ్మా" అన్నాను.

"ఎందుకు తీస్కపోతరు? అక్కకు ఇనిపిద్దామని చేసిన. జర ఫోన్ అక్కకియ్యి."

పద్మారాణి చెవి దగ్గర పెట్టాను. అవతల ఉప్మా మొరుగుతోంది. నాకు కూడా వినిపిస్తోంది, అంత గట్టిగా. ఇంత చదువూ అలా గంగలో కలిసిపోతుంటే మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మాల్ వాపస్ సిద్ధాంతానికి ఇంతకంటే ద్రోహం ఉంటుందా?

గిన్నె మా దగ్గరే మిగిలిపోయింది. కుక్కపిల్ల కావాలని పద్మారాణికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వాళ్ళందరికీ నా మనవి ఒకటే. ముందు ఈ గిన్నె తీసుకెళ్ళండి. మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, పక్కన కూర్చుని ఫోటోలు దిగండి. అది మొరగదు, పెరగదు, లిఫ్టును అరగదీయదు. మోజు తీరాక నిరభ్యంతరంగా తెచ్చి ఇచ్చేయండి, తోమి ఇంకొకరికి ఇస్తాం. మీ బండి మళ్ళీ ఎప్పుడొస్తుందా అని అది మా తలుపు దగ్గర కూర్చోదు.