నల్లచొక్కా గాడిదమెట్ట ఎక్కిన వైనం

వినండి, సహృదయులారా! పసిఫిక్ మహాసముద్రం తన ధవళఫేనదంతాలతో చిలీ దేశపు దక్షిణతీరాన్ని రేయింబవళ్లు కొరుకుతూ, ఎంత కొరికినా పిడికెడు ఇసుకకంటె ఎక్కువ గెలవలేక వెనుదిరిగే చోట. వర్షధారాపోషితమై, నాచుకంబళ్లు కప్పుకున్న మహారణ్యం నీటి అంచుదాకా దిగివచ్చి కాళ్లు కడుక్కునే చోట. కొర్రాల్ అనే రేవులో, ఆగస్టు నెలలో ఒక గురువారం, వాన కాస్త తెరిపి ఇచ్చిన వేళ, ఒక పెన్సిలు తన యజమానురాలిని కోల్పోయింది.

ఆమె పేరు ఎడెల్మిరా. సైకిల్ యాత్రికుల కోసం ఆ తీరపు అడవిదారులను స్వయంగా తొక్కి చూసి, పటాలు గీసి, పంటు దిగగానే కనబడే రొట్టెల కొట్టు గోడకు అంటించిన మనిషి. మొదటి పటం పాత కోట మీదుగా పోయే దారి. "పిల్లలతో వెళ్లవచ్చు" అని దాని మీద రాసింది. రెండవది ఏరు సముద్రంలో కలిసే చోటికి. "మధ్యాహ్నం దాటితే ఎదురుగాలి." మూడవది మాత్రం పూర్తికాలేదు. అది పెద్ద చెట్ల నడుమనుంచి మాన్సా అనే చిన్న తీరానికి పోతుంది. పదకొండవ కిలోమీటరు దగ్గర గాడిదమెట్ట. మెట్ట దాటాక గీత లేదు, చుక్కలే. మెట్ట పక్కన గీసిన ఒక ఖాళీ పెట్టె, దాని కింద సన్నని అక్షరాలు: "దిగకుండా ఎక్కగలరా? ఫ్రొయిలాన్ చూసి చెబుతాడు."

ఫ్రొయిలాన్ ఆమె భర్త. పడవలు కట్టే వడ్రంగి. మూడుసార్లు కొలవనిదే రంపం పట్టని వాడు. "చూస్తాలే" అని రెండేళ్లు అన్నాడు. చూడలేదు.

జనవరి వచ్చింది, అంటే ఆ దేశపు నడివేసవి. ఎండ వచ్చింది. పంటులో సంచులు కట్టిన సైకిళ్లు వచ్చాయి.

"ఫ్రొయిలానూ, నిన్న కూడా ఇద్దరు అడిగారయ్యా, ఈ పెట్టెలో ఏముండాలీ అని," అన్నాడు రొట్టెల కొట్టు సాందాలియో. "పోనీ, 'ఎక్కొచ్చు' అని నేనే రాసేస్తే పోలా?"

"నువ్వెక్కావా?"

"నేనా! నేను మా మేడమెట్లే ఎక్కలేను."

"అయితే పెన్సిలు కింద పెట్టు."

అంతట ఆ మితభాషి, కొయ్యపొట్టుతో నెరిసిన కనుబొమలవాడు, అరవయ్యేడేళ్ల మోకాళ్లవాడు, పటాన్ని గోడనుంచి ఊడదీసి నాలుగు మడతలు పెట్టి గుండెజేబులో దాచుకొని, పెన్సిలును చెవిమీద శరంలా సంధించి, శిరస్త్రాణం బిగించి, కిర్రుమంటూ తన రాకను తానే చాటుకునే ద్విచక్రరథాన్ని అధిరోహించి, ఆగస్టు నుంచి ఆదివారం పనిదినం అని లేకుండా వేసుకుంటున్న సంతాపపు నల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని సమరోన్ముఖుడయ్యాడు.

ఎడెల్మిరా చెల్లెలు నోల్ఫా అప్పటికే వాకిట్లో ఉంది. తెల్లచొక్కా, తెల్లటోపీ, ముందుబుట్టలో రొట్టె, జున్ను, మడతపెట్టిన తెల్లని బల్లగుడ్డ.

"బావా, జనవరిలో నల్లచొక్కానా? జోరీగలు నలుపంటే పడిచస్తాయని నీకు నేను చెప్పాలా?"

"ఏడాది నిండలేదు."

"నాకు మటుకు నిండిందా? అయినా తెల్లది వేసుకోలేదూ?"

"నీ ఇష్టం నీది."

"నీ ఇష్టం నీది. జోరీగల ఇష్టం జోరీగలది. పద."

పది కిలోమీటర్లు ఏ విఘ్నమూ లేదు. చెట్లనీడలో జోరీగ తిరగదు. పదకొండవ కిలోమీటరు దగ్గర అడవి రెండుగా విడిపోయింది. ఆ సందులో, నిప్పులు చెరిగే ఎండలో, గులకరాళ్ల కవచం తొడుక్కొని, మూడు వంపులు తిరిగి, తొమ్మిదివందల మీటర్ల పొడవున గాడిదమెట్ట పడుకొని ఉంది. ఆ దారిన పోయిన గాడిదలన్నీ దాని మొదట్లో ఆగి ఆలోచించుకున్నాయట.

నోల్ఫా ఆలోచించలేదు. "నేను దిగిపోతున్నా," అని దిగి, దారి పక్కన గొడుగంత ఆకుల నల్కా మొక్కనుంచి ఒక కాడ విరిచి, తొక్క ఒలిచి, పొట్లంలోని ఉప్పు అద్దుకొని నములుతూ, సైకిలు నెట్టుకుంటూ నడక సాగించింది.

ఇటువంటి సమయంలో వీరుడు పలకవలసిన మాటలు ఇవి: "ఓరీ శిలాకంటకసంకీర్ణశరీరా, గర్దభగర్వాపహారీ! నా పాదం నీ ధూళిని తాకిననాడు నా పేరు ఫ్రొయిలాన్ కాదు!" మొదటి వంపు దగ్గర అతడు నిజంగా పలికింది ఒకే మాట.

"నీళ్లు."

"ఆగితే ఇస్తా."

"అయితే వద్దు."

అప్పుడు వచ్చాయి. కాలమేఘంలో పుట్టి నారింజరంగు నడికట్లు కట్టిన సైనికులవలె, ఒక్కొక్కటి బొటనవేలి మొదలంత లావున, భేరీనాదం చేస్తూ, రక్తపానకుతూహలమే ధ్వజంగా జోరీగలు నలుదిక్కుల పొదలనుంచి లేచి, శ్వేతాంబరధారిణి నోల్ఫాను కన్నెత్తి కూడా చూడక, ఆ కొండ మీద ఉన్న ఏకైక నలుపుమీదికి, అంటే ఫ్రొయిలాన్ వీపుమీదికి, మూకుమ్మడిగా దిగాయి. చేయి వదిలి కొడదామంటే రథం వాలిపోతుంది. వదలకుంటే వీపు వాలిపోతుంది. అభిమన్యుడికైనా ఒక చేయి ఖాళీగా ఉండేది.

"ఏడు," అంది నోల్ఫా పక్కనే నడుస్తూ. "కాదు, తొమ్మిది. మెడ మీద ఇంకోటి."

"లెక్క... పెట్టకు."

"కాస్త మెల్లగా తొక్కు బావా, నేను వెనకబడిపోతున్నా."

అతడు చూపుతోనే బదులిచ్చాడు. నిజానికి ఇద్దరి వేగమూ ఒక్కటే. ఆమె మధ్యలో ఆగి కాడకు మళ్లీ ఉప్పద్దుకొని కూడా అతన్ని అందుకుంది.

రెండవ వంపు గడిచింది. మూడవ వంపులో, శత్రుసేనానాయకుడని చెప్పదగిన ఒక జోరీగ శిరస్త్రాణం అంచుకింద దూరి చెవివెనుక తన శూలాన్ని దించింది. రథం ఎడమకు వాలింది. కుడికి వాలింది. ఎడమకాలు పెడలును విడిచి కిందికి, కిందికి జారి, నేలకు అంగుళంన్నర ఎత్తున గాలిలో నిలిచింది. సముద్రం ఒక అల ఆలస్యం చేసింది. అడవిలో ఒక పక్షి పాట సగంలో ఆపింది.

నోల్ఫా నవ్వడం మానేసింది.

"దిగిపో బావా. 'దిగాలి' అని రాద్దాం. అదీ జవాబే కదా."

"ఆ జవాబు... మీ అక్కకి తెలుసు." అతడు ఊపిరి పీల్చాడు. "వచ్చిన ప్రతిసారీ దిగింది. తెలియంది... రెండోది. అదే అడిగింది."

ఎడమకాలు తిరిగి పెడలు మీదికి వెళ్లింది.

నోల్ఫా నమిలిన కాడను పొదలోకి విసిరి, తన సైకిలును గట్టుకు ఆనించి, బుట్టలోని బల్లగుడ్డను విదిలించింది.

"ఇది నీ మీద కప్పుతున్నా. తిట్టుకుంటే తిట్టుకో."

"నోల్ఫా, నలుపు..."

"నలుపు లోపలే ఉంటుంది. ఎక్కడికీ పోదు."

అతడు తల కొంచెం వంచాడు. ఆమె గుడ్డను అతని భుజాల మీద కప్పి, గడ్డం కింద ముడివేసింది, అతని పక్కన నడుస్తూనే.

ఆహా! ఒక్క క్షణంలో లక్ష్యం మాయమైన ఆ మక్షికాసేన గతి ఏమని చెప్పను! గిరగిర తిరిగింది, వెతికింది, తనలో తాను కలహించింది, చివరికి సైకిలు నల్లటి సీటుమీద అభిమానం పెంచుకుంది. బల్లగుడ్డ వెనుక జెండాలా ఎగురుతుండగా, చర్చిలో తొలి సత్ప్రసాదం అందుకోవడానికి వెళ్లే చిన్నపిల్లలా తెల్లగా, టమోటాపండులా ఎర్రగా, ఫ్రొయిలాన్ చివరి నలభై మీటర్లూ తొక్కాడు.

చాటండి, దిక్కులారా! వేగంలో పాదచారిణిని మించక, ప్రేక్షకురాలు ఒక్కతే కాగా, తొమ్మిదివందల మీటర్లను పదిహేడు నిమిషాలలో జయించి, పద్నాలుగు కాట్లు తిని, ఎడమపాదం అంగుళంన్నర ఎత్తున పవిత్రంగా మిగిలి ఉండగా, ఫ్రొయిలాన్ గాడిదమెట్ట ఎక్కాడు!

నోల్ఫా వెనక్కి దిగి తన సైకిలు తెచ్చుకునే లోపల అతడు పటం విప్పి, మోకాలిమీద పెట్టుకొని, ఖాళీ పెట్టెలో రాశాడు. వడ్రంగి అక్షరాలు. కొలిచినట్టుగా ఉన్నాయి.

"దిగకుండా ఎక్కవచ్చు. జనవరిలో నలుపు వద్దు."

ఆమె అతని భుజం మీదుగా చదివింది. "'పక్కన ఒక మరదలుండాలి' అని కూడా రాయి."

"చోటు లేదు."

"పెట్టె చిన్నది గీసింది, పిసినారిది," అంది నోల్ఫా. ముక్కు తుడుచుకుని, రొట్టె రెండుగా తుంచింది. బల్లగుడ్డ అతని ఒంటిమీదే ఉంది గనుక జున్ను ఒళ్లో పెట్టుకుని తిన్నారు. అక్కడినుంచి చూస్తే, చెట్ల మీదుగా, సముద్రం కనబడుతుంది. మాన్సా కనబడదు.

"అటు దిగుదామా బావా?"

అతడు చుక్కల గీతను చూశాడు. పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు. సైకిలును కొర్రాల్ వైపు తిప్పాడు.

పటం మళ్లీ రొట్టెల కొట్టు గోడమీద ఉంది. పెట్టె నిండింది. గాడిదమెట్టనుంచి మాన్సా దాకా ఏడు కిలోమీటర్లు ఇంకా చుక్కలే. ఆ దారి ఎవరూ తొక్కి చూడలేదు.