పసుపు తువాళ్ళ సంఘం

ఆ శ్రావణ ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరులో నేతగాడు గిడ్డయ్య రెండు మైళ్ళ నడకకు సిద్ధమయ్యాడు. మర్నాడే కాంపౌండరు దగ్గర చక్కెర రోగం పరీక్ష. మూత్రం కలిపి కాచిన మందు నీలంగానే ఉంటే బతికినట్టు. ఇటుక రంగుకు తిరిగితే సూదిమందు! గిడ్డయ్యకు సూదంటే చచ్చేంత భయం.

అదే భయం ఉన్న దర్జీ కరీం సాబ్‌నూ, దూది అంగడి నరసన్ననూ కూడగట్టి అతను అంతకు ముందే ఒక సంఘం పెట్టాడు. టీ అంగళ్ళవాళ్ళు ఆనవాలు పట్టి చక్కెర వేయకుండా ఉండాలని ముగ్గురికీ పసుపు తువాళ్ళు నేశాడు. నియమం ఒక్కటే. ఒకడు తీపి ముడితే ముగ్గురూ ఒక మైలు ఎక్కువ నడవాలి.

"నేనుండగా మీకేం భయమప్పా!" అంటూ గిడ్డయ్య ముందు నడిచాడు.

ఊరు దాటగానే తిప్పమ్మ అనే ముసలామె ఎదురైంది. శ్రావణమాసం, కాలినడక, పైన పసుపు గుడ్డ. ఇంకేముంది, ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్నవాళ్ళే అనుకుని బెల్లం పానకం తెచ్చింది.

"మొక్కు కాదమ్మా! చక్కెర రోగం రాకూడదని నడుస్తాండాం," అన్నాడు గిడ్డయ్య.

"అదే గదప్పా మొక్కంటే! స్వామి పానకం వద్దంటే కళ్ళు పోతాయ్, తాగు." అంతలో కరీం సాబ్‌ను చూసి మురిసిపోయింది. "సాయిబన్న గూడా వచ్చినాడే!" అని ఆయనకు రెండు లోటాలు పోసింది.

ముగ్గురూ తాగారు కాబట్టి మూడు మైళ్ళు. మూడు మైళ్ళు నడిస్తే ఇంకో ఊరొచ్చింది. అక్కడ బిందెడు పానకం, పైగా డప్పులు.

"ఎనక్కి తిరిగి నడుద్దాం, యాడైనా మైళ్ళు మైళ్ళే గదా!" అన్నాడు నరసన్న ఏడుపు మొహంతో.

"ఇంతమంది చూస్తాండారు. మొక్కు తప్పినారంటే తంతారు, నడువ్!" అన్నాడు గిడ్డయ్య. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరూరా పానకమే, పానకానికి మళ్ళీ మైళ్ళే. చివరికి పొద్దు గూకే వేళకు కుంటుతూ ఉరుకుంద గుడి ముందు తేలారు. అక్కడా తాగించారు. ఆఖరి బస్సు పట్టుకుని ఇల్లు చేరారు.

సోమవారం కాంపౌండరు మందు కాస్తుంటే గిడ్డయ్య గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"సెప్పు సారూ, ఇటుకేనా?"

"నీలం! ఏం చేసినావయ్యా?"

"దినమంతా నడిచినా సారూ."

"పానకం గూడా తాగినాడు, పది లోటాలు!" అన్నాడు తోడొచ్చిన నిజాయితీపరుడు కరీం సాబ్.

"నడకయ్యా మందు, నడక!" అని కాంపౌండరు గొంతు చించుకున్నాడు. వసారాలో ఉన్న జనం అప్పటికే లోటాల సంగతి మోసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లవారేసరికి గిడ్డయ్య వాకిట్లో నడకకు ఇరవై ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళలో పసుపు తువాలు లేనివాళ్ళున్నారు గానీ, లోటా లేనివాడు ఒక్కడూ లేడు.