రూబెన్ గారికి ఎత్తు పడదు

ఆదివారం ఉదయం ఫెర్మిన్ అపాజా పథకం చాలా సులువుగా ఉంది. అతిథికి లా పాజ్ ఊరంతా తిప్పి చూపించాలి, సాయంత్రం కొండమీది ఎల్ ఆల్టోలో ఆడవాళ్ళ కుస్తీకి తీసుకెళ్ళాలి, ఆయన మనసు కరిగిన క్షణాన కూతురి పెళ్ళి బ్యాండు ఖర్చు ఆయన నెత్తిన పెట్టాలి. అక్కడ పెళ్ళిలో ఒక్కో ఖర్చు నెత్తినేసుకునే పెద్దమనిషిని పద్రీనో అంటారు. కేకు ఖర్చుకు ఒక పద్రీనో దొరికాడు, బీరు ఖర్చుకు ఇంకొకాయన ఒప్పుకున్నాడు, పూలకు కూడా ఓ పిన్ని దొరికింది. బ్యాండు అనగానే మాత్రం చుట్టాలందరికీ చెవుడు వచ్చింది. బ్యాండువాళ్ళు ఊదేది తక్కువ, తాగేది ఎక్కువ మరి.

అతిథి రూబెన్ గారు పల్లపు ప్రాంతం సాంతా క్రూజ్ నుంచి వచ్చిన బియ్యం వ్యాపారి. ఫెర్మిన్ కొట్టుకు బియ్యం పంపేది ఆయనే.

ఫెర్మిన్ భార్య నికొలాసా వీపు మూటలో రెండు బీరు సీసాలు కట్టుకుంది. "టిఫినవగానే సీసా చేతిలో పెట్టి అడిగెయ్యి. నాలుగు చుక్కలు భూమాతకి పోసి గుక్క తాగాక కాదన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

"నీకేం తెలుసే! పల్లపోళ్ళకి ఈ ఎత్తులో గాలాడదు. బీరు పోస్తే పద్రీనో పోయి పాడె మిగుల్తుంది. పెద్దలేమన్నారు? మెల్లగా నడు, కొంచెం తిను, ఒంటరిగా పడుకో."

"మూడోది హోటలువాళ్ళు చూసుకుంటార్లే," అంది నికొలాసా.

టిఫిను దగ్గర రూబెన్ గారు మాంసం కజ్జికాయ ఒకటి తిని రెండోదానికి చెయ్యి చాపారు. ఫెర్మిన్ పళ్ళెం లాగేసి, ఎత్తుకు ఇదే మందని, కోకా ఆకుల టీ పెట్టాడు.

"నాకేం కాలేదండీ. కుర్రతనంలో సైన్యంలో ఉన్నప్పుడు ఒరూరోలో, ఇంతెత్తులోనే..."

"మాట్లాడకండి, ఊపిరి వృథా!"

చంద్రలోయను టాక్సీ అద్దంలోంచి చూపించాడు. దిగితే నడవాలి, నడిస్తే ఆయాసం. తర్వాత ఎల్ ఆల్టోకి రోప్‌వే. ఆదివారం సంత వల్ల క్యూ వీధి చివరిదాకా ఉంది. ఫెర్మిన్ గేటు దగ్గరి అమ్మాయి చెవిలో, "పెద్దాయనకి గుండె నీరసం తల్లీ," అని ఒక చిన్న అబద్ధం ఊదాడు. ఆ పిల్ల మంచిది కావడమే కొంప ముంచింది. వాళ్ళను ముందు ఎక్కించడమే కాక పైస్టేషనుకు ఫోను కూడా చేసింది. దారిలో ఇల్లిమానీ మంచుకొండ చూడాలని రూబెన్ గారు లేవబోతే, ఫెర్మిన్ కదలొద్దని అడ్డంగా నిలబడ్డాడు. పాపం ఆయనకు కనబడిన కొండ ఫెర్మిన్ బొజ్జ ఒక్కటే.

పైన చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. "తిరిగొచ్చేటప్పుడు ఇచ్చెయ్యండి," అన్నారు స్టేషనువాళ్ళు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. ఫెర్మిన్ భుజాలు నొక్కితే రూబెన్ గారు కూర్చున్నారు. సంత గుంటల్లో కుర్చీ తోసింది ఫెర్మిన్.

"ఏమయ్యా, ఇప్పుడైనా సీసా తియ్యనా?" అంది నికొలాసా.

"నోర్ముయ్!" అన్నాడు ఫెర్మిన్, మూడు విడతల్లో.

కుస్తీ హాలు ద్వారం దగ్గర, ముందు వరస దొరకాలని, "ఎన్నాళ్ళుంటాడో ఏమో, ఇది చూడాలని కోరిక," అన్నాడు. రెండు నిమిషాల్లో మైకు గద్గదమైంది: "మన మధ్య ఆఖరి కోరికతో వచ్చిన ఒక పుణ్యాత్ముడు..." హాల్లో ఆడవాళ్ళు గుండ్రటి టోపీలు తీసి గుండెలకు ఆనించుకున్నారు. రూబెన్ గారు కూడా, ఎవరా పాపం అని, వెనక్కి తిరిగి చూశారు.

కుచ్చుల పరికిణీతో ఉరుముల రోసెండా గాల్లోకి ఎగిరింది. ముసుగు వేసుకున్న మగ వస్తాదు నల్లతేలు ఆమె మీద పడ్డాడు. ఆనవాయితీ ప్రకారం రిఫరీ దుర్మార్గుడి పక్షమే. వాడు రోసెండా జడలు పట్టుకుంటే తేలు తన్నసాగాడు.

"ఒరేయ్ రిఫరీ! తిన్న గడ్డి అరగలేదురా నీకు?" పుణ్యాత్ముడు లేచాడు, చక్రాల కుర్చీని రెండు చేతులతో ఎత్తాడు, రింగులోకి గిరాటేశాడు.

హాలంతా ఒకే గొంతు: "నడిచాడు!"

రోసెండా తాళ్ళు దూకి వచ్చింది. నికొలాసా మూటలో సీసా మెడ కనబడింది. "అక్కా, ఇలాతే!" లాక్కుని, మూత పళ్ళతో పీకి, రూబెన్ గారి చేతిలో పెట్టింది. ఆయన భూమాతకు నాలుగు చుక్కలు పోసి, మిగతాది పొద్దుటి ఆకలితో సహా దించేశారు.

"నాయనా, నా కుస్తీ చూసి నీకు కాళ్ళొచ్చాయి. వచ్చే నెల నా పెళ్ళి. బ్యాండుకి నువ్వే పద్రీనో!"

"అట్లాగే తల్లీ!" అన్నారు రూబెన్ గారు. హాలు చప్పట్లతో ఊగింది.

"బ్యాండు... మా..." అంటూ ఫెర్మిన్ కళ్ళు తేలేశాడు. పుట్టి బుద్ధెరిగాక తనకంటే బరువైన మనిషిని అతడు అంతదూరం తోయడం ఇదే మొదలు. వంకరపోయిన కుర్చీలో అతణ్ణి కూలేసి రూబెన్ గారే స్టేషనుదాకా ఈలవేస్తూ తోశారు. ఫెర్మిన్ నోరు తెరిచినప్పుడల్లా, "మాట్లాడకండి, ఊపిరి వృథా," అన్నారు.

"తీసుకెళ్ళిన పేషెంటు ఈయన కాదే!" అన్నారు స్టేషనువాళ్ళు.

దిగేటప్పుడు రోప్‌వే పెట్టెలో నికొలాసా రెండో సీసా తీసింది. నేల చాలా కింద ఉండటంతో భూమాత వాటా ఫెర్మిన్ బూట్ల మీద పడింది. రూబెన్ గారు గుక్క తాగగానే అడిగేసింది.

"దీనికా అమ్మా ఇంత తిప్పారు? మీ బ్యాండు కూడా నాదే. పొద్దున టిఫిన్లో అడిగుంటే రెండో కజ్జికాయైనా తినేవాణ్ణి కదా!" అంటూ ఆయన కిటికీలోంచి ఇల్లిమానీని తనివితీరా చూసుకున్నారు.

ఇంటికి రాగానే ఫెర్మిన్‌కు ప్రాణం లేచివచ్చింది. "చూశావా నా పథకం!" అన్నాడు.

నికొలాసా భర్తను మెల్లగా నడిపించింది, కొంచెమే వడ్డించింది, ముందుగదిలో సోఫా మీద ఒక్క దిండు వేసి తలుపు గడియ పెట్టుకుంది.